అవ్వ చదవగలిగే పుస్తకం

— బి.ఎస్సీ. (బి.జడ్.సి.) తృతీయ సంవత్సరం విద్యార్థి

మన యూనియన్ సావనీరులో ప్రతి యేడూ నిరుద్యోగం మీద, విద్యావిధానం మీద, దేశ భవిష్యత్తు మీద వ్యాసాలు వస్తుంటాయి. ఈసారి నేను చిన్నపిల్లల బొమ్మల పుస్తకాల మీద రాస్తానంటే సంపాదకవర్గంలోని మిత్రుడు నవ్వి, "ఒరే, ఎల్.కె.జి. పిల్లలు మన సావనీరు చదవరు" అన్నాడు. నిజమే. కాని ఆ పుస్తకాలు రాసేదీ, బొమ్మలు వేసేదీ, అచ్చు వేసేదీ, కొనేదీ అంతా పెద్దవాళ్లే గదా! రేపు మనలో కొందరం పంతుళ్లం అవుతాం. చాలామందిమి తల్లులం, తండ్రులం అవుతాం. కాబట్టి ఇది మన సంగతే అని నా నమ్మకం.

ముందుగా నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పుకోవాలి.

మాది అనంతపురం ప్రాంతంలో మెట్ట సేద్యం చేసుకునే కుటుంబం. ఆరెకరాల ఎర్రనేల, ఎండిపోయిన ఒక బోరు. వానొస్తే శెనక్కాయ, రాకపోతే అప్పు. పోయిన దసరా సెలవులకు ఊరికి పోతూ, అక్క కూతురికని బస్టాండు దగ్గర అంగట్లో ఒక బొమ్మల పుస్తకం కొన్నాను. మన దేశం, మన పల్లె, మన పంటలు, మన పండుగలు అన్నీ అందులో ఉన్నాయి. నున్నటి కాగితం, జిగేల్‌మనే రంగులు. వెల రెండు వందల ఎనభై రూపాయలు. మా ఊళ్లో కలుపు తీసే ఆడమనిషి ఒక రోజు కూలికి అటూ ఇటూగా సమానం. అయినా పాప సంతోషపడుతుంది గదా అని కొన్నాను.

పాపకు ఆరేళ్లు. టౌనులో ఇంగ్లీషు మీడియం బడిలో చదువుతోంది. ఆ సాయంత్రం పుస్తకం పట్టుకుని మా అవ్వ పక్కన చేరింది. అవ్వ అంటే మా నాయన తల్లి. డెబ్భై అయిదు దాటి ఉంటాయి. సంతకం రాదు, వేలిముద్రే. పుస్తకం కాలికి తగిలితే కళ్లకద్దుకుంటుంది గాని ఏనాడూ తెరిచి చూసినది కాదు. కాని ఆ రోజు చూసింది. అన్నీ బొమ్మలే గదా! "ఇది ఆవు, ఇది చిలక, ఇది మేక" అంటూ పాపతో పోటీగా చెప్పుకుంటూ పోయింది. అవ్వ ముఖంలో అంతటి వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆమె జీవితంలో మొదటిసారి చదువుతోంది!

పేజీ తిప్పితే శెనక్కాయ చెట్టు వచ్చింది. పచ్చని చెట్టు, కొమ్మకొమ్మకూ చింతకాయల్లాగా కాయలు వేలాడుతున్నాయి.

అవ్వ పకపకా నవ్వింది. "ఇదేమ్రా నాయనా! శెనక్కాయి కొమ్మకు కాసిందంట! సేద్యం తెలీని మారాజు ఎవరో గీసినాడు" అంది.

పాప ఊరుకోలేదు. "కాదు పెద్దవ్వా. బుక్కులో అట్లే ఉంది. నీకు చదువు రాదు గదా, నీకు తెలీదు" అంది.

అవ్వ నవ్వు ఆగిపోయింది. "అవును లేమ్మా, నాకేం తెలుసు" అని పుస్తకం పాప ఒళ్లో పెట్టి లేచిపోయింది.

అరవై యేళ్లుగా శెనక్కాయ విత్తి, కలుపు తీసి, పీకి, కొట్టి, ఒలిచిన చేతులవి. వాటి ముందు ఒక అచ్చుబొమ్మ నిలబడి "నీకు తెలియదు" అంది. ఇందులో పాప తప్పు లేదు. అచ్చులో ఉన్నది నిజమని బడి నేర్పింది, అది నమ్మింది. తప్పు నాది. నేను వృక్షశాస్త్రం చదువుతున్నవాణ్ణి. కొనేటప్పుడు ఆ పేజీ తిరగేశాను కూడా. నా కంటికి ఆ తప్పు ఆనలేదు. పాప ఆ మాట అన్నప్పుడు సైతం నోరు మెదపలేకపోయాను. ఎందుకంటే, సిగ్గు విడిచి చెబుతున్నాను, మూడో తరగతిలో నేను కూడా అవ్వతో సరిగ్గా అదే మాట అన్నవాణ్ణి.

మరునాడు పొద్దున్నే అవ్వ పాపను చేనికి తీసుకుపోయింది. వెనకాలే నేనూ పోయాను. ఒక చెట్టును మొదలంటా పీకి, మట్టి విదిలించి చూపించింది. "ఇదిగో చూడు. పువ్వు పైన పూస్తుంది. పూసినాక ఈ ఊడ దిగుతుంది. ఊడ నేలలోకి పోతేనే కాయి. వానల్లేక నేల గట్టిపడిందనుకో, ఊడ దిగదు, కాయి కాదు."

నాకు ఒళ్లు ఝల్లుమంది. శెనక్కాయ పువ్వు తెల్లవారుజామున విచ్చుకుని, తనలో తానే పరాగసంపర్కం జరుపుకుని, ఆ రోజే వాడిపోతుంది. కొన్నాళ్లకు అండాశయం అడుగుభాగం సాగి, సూదిలాగా కిందికి వంగి నేలలోకి దిగుతుంది. చీకట్లోకి చేరిన తర్వాతనే దాని కొసన కాయ ఊరుతుంది. దాన్ని మా పుస్తకాల్లో గైనోఫోర్ అంటారు. పరీక్ష కోసం బట్టీపట్టి రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ఆ గైనోఫోర్, మా అవ్వ ఊడ ఒక్కటేనని నాకు ఆ పొద్దున, ఆ చేనులో తట్టింది.

పాప చెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే బుక్కు అబద్ధం చెప్పిందా మామా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

మిత్రులారా! బొమ్మల పుస్తకం అంటే పిల్లవాడు చదివే పుస్తకం అనుకుంటాం. నిజానికి అది ఇద్దరు కలిసి చదివే పుస్తకం. ఒకరు పెద్ద, ఒకరు చిన్న. చదువుకున్న ఇంట్లో పెద్దవాళ్లు అక్షరాలు చదివి వినిపిస్తారు. అక్షరం లేని ఇంట్లో బొమ్మ ఒక్కటే ఇద్దరికీ తెలిసిన లిపి. నా సైన్సు పుస్తకంలో మా అవ్వకు చోటు లేదు. లెక్కల పుస్తకంలో మా నాయనకు చోటు లేదు. వాళ్లు పాలుపంచుకోగలిగిన పుస్తకం ఏదైనా ఉందంటే అది ఈ బొమ్మల పుస్తకమే. ఆ బొమ్మ నిజమైతే ఇంట్లో అవ్వ గురువవుతుంది. అదే బొమ్మ అబద్ధమైతే, పిల్ల కళ్లముందే అవ్వ ఏమీ తెలియనిదైపోతుంది. ఇంత పెద్ద సంగతి ఆ చిన్న పుస్తకంలో ఉంది.

బొమ్మతో కథ చెప్పడం మనకు కొత్త కాదు. మా జిల్లా వాళ్లు గర్వంగా చెప్పుకునే లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో కప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన బొమ్మలున్నాయి. కిరాతార్జునీయం కథ అక్కడ వరుసగా చూసుకుంటూ పోవచ్చు. తల ఎత్తి చూసిన సంతకు వచ్చిన మనిషికీ, సంస్కృతం చదివిన పండితుడికీ అదే బొమ్మ. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తరతరాలుగా తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెలంగాణలో చేర్యాల నకాషీలు బారుగా ఉండే గుడ్డ మీద కథంతా అంతస్తులు అంతస్తులుగా వేసి ఇస్తే, కూనపులివాళ్లు దాన్ని వేలాడదీసి పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు. ఆ పటాన్ని బొమ్మల పుస్తకం అనక ఏమనాలి? కాకపోతే దానికి పేజీలు లేవు, చుట్ట చుట్టుకుంటారు.

ఆ కళాకారుల పని ఎలా సాగేదో చూడండి. ప్రేక్షకులు ఎదురుగా కూచుని ఉండేవారు. బొమ్మలో తప్పుంటే అక్కడికక్కడే పట్టుకునేవారు. పద్మశాలీల ముందు మగ్గాన్ని తప్పుగా గీసి బతికి బట్టకట్టగలడా ఎవడైనా? ఈనాటి బొమ్మల పుస్తకాన్ని ఎక్కడో నగరంలో గీస్తారు, ఇంకెక్కడో అచ్చు వేస్తారు, మరెక్కడో అమ్ముతారు. మా అవ్వ నవ్వు ఆ చిత్రకారుడికి వినిపించదు. రోగం అంతా ఇక్కడే ఉందనిపిస్తుంది నాకు.

నేను కొన్న పుస్తకంలో పల్లెటూరు బొమ్మ ఒకటుంది. రెండు కొండలు, వాటి నడుమ సూర్యుడు, కొండల్లోంచి ఒక ఏరు, ఏటి పక్కన గుడిసె, గుడిసె పక్కన కొబ్బరిచెట్టు. ఈ బొమ్మ నాకు బాగా తెలుసు! మా ఊరి బడిలో పంతులుగారు "బొమ్మ గీయండిరా" అంటే మేమందరం అదే గీసేవాళ్లం. మా ఊళ్లో ఏరు లేదు. కొబ్బరిచెట్టు లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మాది. మా ఇళ్లు మట్టి మిద్దెలు, గుడిసెలు కావు. కిటికీలోంచి చూస్తే కనిపించేది రాళ్లగుట్ట, కానుగచెట్టు, గొర్రెలమంద. ముప్ఫై మంది పిల్లల్లో ఒక్కడు కూడా వాటిని గీయలేదు. గీయదగిన ఊరు పుస్తకంలోనే ఉంటుంది, మాది గీయదగినది కాదు అని ఎవరు నేర్పారు మాకు? ఎవరూ నోటితో చెప్పలేదు. బొమ్మలే చెప్పాయి.

పండుగల పేజీ కూడా అంతే. దీపావళి ఉంది, సంక్రాంతి ముగ్గు ఉంది, హోలీ ఉంది. బాగానే ఉంది. కాని మా ప్రాంతంలో పీర్ల పండుగకు హిందువులూ ముస్లిములూ కలిసి గుండం తొక్కుతారు. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి ఎక్కడెక్కడి నుంచో జనం తరలివస్తారు. ఆ పండుగ ఏ పేజీలో వేస్తారు? దప్పు కొట్టే చేతులు, గొర్రెలు కాసే కుర్రవాడు, చాకిరేవు, కుమ్మరి వాము ఏవి? "భారతీయ సంస్కృతి" అని అట్ట మీద రాసి, లోపల పట్టుచీర, నెమలి, తాజ్‌మహల్ వేస్తే అది పర్యాటక శాఖ క్యాలెండరు అవుతుంది గాని పిల్లల పుస్తకం కాదు. ఈ లోటును గుర్తించి హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో "డిఫరెంట్ టేల్స్" పేరుతో దళిత, ముస్లిం ఇళ్ల పిల్లల కథలను బొమ్మలతో తెచ్చింది. తెలుగులోనూ వచ్చాయి. అటువంటి ప్రయత్నాలు వేళ్ల మీద లెక్కపెట్టుకునేటట్టు ఉండడమే బాధ.

ప్రచురణకర్తలను తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. వాళ్ల కష్టం వాళ్లది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో "బాల" పత్రిక పెట్టారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు "చందమామ" మొదలుపెట్టారు. కార్టూనిస్టు శంకర్ పిళ్లై ఢిల్లీలో చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు స్థాపించింది 1957లో. నేషనల్ బుక్ ట్రస్టు పుట్టిందీ ఆ ఏడే. స్వతంత్రం వచ్చిన దేశంలో పిల్లలకు చవకగా, మన బొమ్మలతో, మన భాషల్లో పుస్తకాలుండాలని కలగన్నవాళ్లు వీళ్లంతా. మా చిన్నాన్న ట్రంకుపెట్టెలో బైండు చేయించిన పాత చందమామలున్నాయి. వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలు, శంకర్ గారు వేసిన విక్రమార్కుడు చూస్తూ మధ్యాహ్నం అన్నం మరిచిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు.

అన్ని పుస్తకాల్లోనూ ఒకే పల్లె ఎందుకుంటుందని ఆలోచిస్తే నాకు తోచిన కారణం ఇది. రంగుల అచ్చుకు నాలుగు ప్లేట్లు కావాలి: పసుపు, ఎరుపు, నీలం, నలుపు. అక్షరాలుండేది నలుపు ప్లేటులో. మిగతా మూడూ అన్ని భాషలకూ ఒకటే పెట్టుకుని, నలుపు ఒక్కటి మారిస్తే తెలుగు పుస్తకం తమిళమవుతుంది, హిందీ అవుతుంది. ఖర్చు పదిచోట్ల పంచుకుంటారు కాబట్టి వెల తగ్గుతుంది. మంచి ఉపాయమే! అందువల్లనే అనంతపురం పిల్లవాడు అస్సాం ఖడ్గమృగాన్ని చూడగలిగాడు. కాని ఏ రాష్ట్రంలోనైనా చెల్లాలని, ఎవరికీ అభ్యంతరం రాకూడదని గీసిన ఊరు చివరికి ఎవరి ఊరూ కాకుండా పోతుంది. కాశ్మీరుకూ కన్యాకుమారికీ మధ్య ఎక్కడా లేని ఆ గుడిసె అలా పుట్టిందే.

ఈ సంగతి మా డిపార్టుమెంటులో ఒక లెక్చరర్ గారితో చెబితే ఆయన మంచి ప్రశ్న వేశారు. "అయితే ఏమంటావు? మీ ఊరి పిల్లలు మీ ఊరి బొమ్మలే చూస్తూ బావిలో కప్పల్లా ఉండాలా?" అన్నారు. రెండు రోజులు ఆలోచించాను.

చిన్నాన్న ట్రంకుపెట్టెలోనే రష్యా పిల్లల పుస్తకాలు కూడా ఉన్నాయి. సోవియట్ యూనియన్ ఉన్న రోజుల్లో మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో కారుచవకగా దొరికేవట. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి గార్ల వంటి ఉద్దండులు మాస్కోలో ఉండి అనువాదాలు చేసిన కాలం అది. 1991లో ఆ దేశమే పోయింది, ఆ పుస్తకాలూ పోయాయి. కాని వాటిలో మంచులో నడిచే ఎలుగుబంటి, తెల్ల బెరడు బూర్జు చెట్టు, పొయ్యి మీద పడుకునే తాత నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంటాయి. మంచు చూసి ఎరగని రాయలసీమ పిల్లవాడికి అవి ఎందుకు అంతగా హత్తుకున్నాయి? ఆ చిత్రకారుడు తన చెట్టును తాను ఎరిగి గీశాడు. ఎవరికో నచ్చాలని గీయలేదు. నిజంగా ఉన్న ఊరు ఎక్కడిదైనా మన ఊరి పక్కదే అనిపిస్తుంది. ఎక్కడా లేని ఊరు ఎంత "మనది" అన్నా పరాయిదే.

కాబట్టి లెక్చరర్ గారికి నా జవాబు ఇది. బయటి బొమ్మలు వద్దనడం లేదు. ఎవరి చెట్టు అయినా సరే, నిజం చెట్టు కావాలంటున్నాను. అసలు "మనది" అనే మాటలో కూడా జాగ్రత్త అవసరం. నేను ఇంత బాధపడుతున్న శెనక్కాయ పుట్టిల్లు దక్షిణ అమెరికా. మిరపకాయ కూడా అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందే. మా రాగిసంకటిలోని రాగి వేల యేళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చింది. ఈ మూడూ లేని రాయలసీమ ఉందా? సంస్కృతి అంటే ఎక్కడ పుట్టిందన్నది కాదు, ఎవరి చేతుల్లో పెరిగిందన్నది. ఊడ అనే మాట పెట్టి ఆ పంటను మనదిగా చేసుకున్నది మా అవ్వలే.

ఎరిగినవాళ్ల చేత గీయిస్తే ఏమవుతుందో ఒక ఉదాహరణ చాలు. చెన్నైలోని తారా బుక్స్ వారు మధ్యప్రదేశ్ గోండు కళాకారులు ముగ్గురి చేత, భజ్జు శ్యామ్, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఊర్వేతిల చేత, వాళ్ల అడవి చెట్ల గురించి బొమ్మలు వేయించి 2006లో పుస్తకం తెచ్చారు. "ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్" దాని పేరు. చేత్తో అచ్చొత్తిన ఆ పుస్తకం బొలోనియాలో అంతర్జాతీయ బహుమతి అందుకుని ప్రపంచమంతా తిరిగింది. గోండుల నమ్మకాలు, గోండుల చెట్లు. ఎవరికోసమూ ఒక్క ఆకును మార్చలేదు. మరి నిమ్మలకుంట తోలుబొమ్మకు, చేర్యాల పటానికి, కలంకారీకి మన పల్లె బళ్లల్లో అటువంటి పుస్తకరూపం ఎప్పుడు?

కథలకు మాత్రం కరువా? కలివికోడినే తీసుకోండి. రాత్రిపూట మాత్రమే తిరిగే ఆ పక్షిని జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1848లో లోకానికి తెలియజేశాడు. 1900లో మా అనంతపురం దగ్గర కనిపించిందే చివరిసారి. ఇక అంతరించిపోయిందనుకున్నారు శాస్త్రజ్ఞులు. మళ్లీ 86 ఏళ్లకు, 1986 జనవరిలో, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దొరికింది. దాన్ని వెతకడంలో దారి చూపింది స్థానికులే. శాస్త్రం కోల్పోయిన పక్షికి పల్లెలో పేరు పదిలంగా ఉంది! దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మళ్లింది. ఇంతకంటే గొప్ప బొమ్మల కథ ఏం కావాలి? మా ఊరి బడి బీరువాలో పెంగ్విన్ పుస్తకం ఉంది, కలివికోడి లేదు.

ఇక ఏడుచేపల కథ. చేప ఎందుకు ఎండలేదని మొదలై చీమ దాకా పోయే ఆ కథను మనమందరం నిద్రలోనైనా చెప్పగలం. ఇప్పుడు సైన్సు విద్యార్థిగా చూస్తే అది కార్యకారణ సంబంధం మీద మొదటి పాఠం. ప్రతి "ఎందుకు" వెనకా ఇంకో "ఎందుకు" ఉంటుందని మూడేళ్ల పిల్లకు అంతకంటే బాగా ఏ లెక్చరరూ చెప్పలేడు. పెద్దలు మన్నించాలి.

విమర్శించి ఊరుకోవడం విద్యార్థికి తగదు కాబట్టి నాకు తోచినవి మనవి చేస్తాను.

మొదటిది, పంటనో, పనిముట్టునో, చేతిపనినో గీసిన ప్రతి బొమ్మనూ అచ్చుకు ముందు ఆ పని చేసేవాళ్లకు చూపించాలి. ప్రొఫెసర్లకు చూపించినట్టే రైతుకూ, నేతగాడికీ చూపించాలి. వాళ్లు నవ్వితే బొమ్మ మార్చాలి.

రెండవది, మాటలు. వేరుశనగ అని రాయండి, తప్పులేదు. పక్కనే శెనక్కాయ, పల్లికాయ అని కూడా వేయండి. పిల్లకు ఇంటిమాట అచ్చులో కనిపిస్తే ఇల్లూ బడీ ఒకదానికొకటి శత్రువులు కావని తెలుస్తుంది.

మూడవది, చేరవేత. 1960 నాటి మన గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. అంటే మా మట్టిమిద్దె కూడా గ్రంథాలయానికి పన్ను కట్టింది! ఆ డబ్బులో పిల్లల బొమ్మల పుస్తకాలకు న్యాయమైన వాటా కావాలని, అవి బీరువాలో తాళం వేసి ఉంచకుండా ఇంటికి ఇవ్వాలని మనం అడగాలి. అవ్వ బడికి రాలేదు, పుస్తకమే అవ్వ దగ్గరికి పోవాలి.

నాలుగవది, మన చేతిలో ఉన్నది. ఈ కాలేజీలో అన్ని జిల్లాల పిల్లలం ఉన్నాం. గోదావరి లంకల వాళ్లున్నారు, మన్యం వాళ్లున్నారు, పలాస జీడితోటల వాళ్లున్నారు, చీరాల మగ్గాల వాళ్లున్నారు. ఇరవై నాలుగు పేజీల పుస్తకం ఒకటి మనమే ఎందుకు తయారుచేయకూడదు? ఒక్కొక్కరు తమ ఊరి పంటనో, పిట్టనో, కథనో ఒక పేజీకి తెండి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం వాళ్లం శాస్త్రం చూస్తాం. తెలుగు శాఖ వాళ్లు భాష చూస్తారు. ఆఖరి పరీక్షాధికారులు మన ఇళ్లల్లోని అవ్వలు, తాతలు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో పెట్టిన స్టోరీవీవర్ వంటి చోట తెలుగులో ఎవరైనా ఉచితంగా చదువుకునేటట్టు దాన్ని ఉంచవచ్చు. అచ్చు ఖర్చంటారా, వార్షికోత్సవం నాడు ముఖ్య అతిథుల శాలువాలు, పూలదండలు ఒక్క ఏడాది తగ్గించుకుంటే మొదటి వంద ప్రతులు వస్తాయి. యూనియన్ నాయకులు కోపగించుకోకూడదు!

ఇది గాలిమాట కాదని చెప్పడానికి ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. హాస్టల్‌లో నా రూమ్మేటు బొమ్మలు బాగా వేస్తాడు. వాడి చేత ఒక శెనక్కాయ చెట్టు గీయించి సంక్రాంతికి ఊరికి తీసుకుపోయాను. అవ్వ ముందు ముట్టుకోలేదు. "నాకేం తెలుసు నాయనా" అంది. దసరా నాటి మాట ఆమె మనసులో అట్లే ఉందని నాకు తెలిసింది. అప్పుడు పాపే ఆమె పక్కన కూచుని, "పెద్దవ్వా, తప్పు ఎక్కడుందో చెప్పు. మామకు చదువు వచ్చు గాని శెనక్కాయి రాదు" అంది.

అవ్వ కాగితం దగ్గరికి తీసుకుంది. చాలాసేపు చూసింది. వేలు పెట్టి ఒక్కొక్క ఊడ వెంబడి కిందికి జరుపుకుంటూ పోయి, పైకొమ్మ దగ్గర ఆపింది. "అంతా బాగుండాది. ఈ పైకొమ్మ ఊడకు మాత్రం కాయి గీసినాడు చూడు, అది తప్పు. అంత ఎత్తునుంచి దిగే ఊడ నేలకు అందదు, గాల్లోనే ఎండిపోతుంది. కాయి కాసేది కింది కొమ్మలకే" అంది.

తిరిగి వచ్చాక పుస్తకం తీసి చూశాను. మా అవ్వ చెప్పిందే అక్కడా ఉంది.

రూమ్మేటు బొమ్మ దిద్దాడు. ఇప్పుడు దానిలో తప్పు లేదు. అది మన పుస్తకంలో మొదటి పేజీ. మిగతా ఇరవై మూడు పేజీలు మీ ఊళ్ల నుంచి రావాలి.